వేపచెట్టు కింద రేడియో

ముందు పాట వినిపించింది. కుళాయి దగ్గర మరచెంబు నింపుకుని వస్తున్నాను. ఏదో పాత హిందీ పాట, సన్నగా, గరగరలాడుతూ, గడ్డిలోంచి వస్తోంది. ఎంత బాగుందో అనుకున్నాను కూడా. ఆ తర్వాత మావాడు కనిపించాడు. వేపచెట్టు కింద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బళ్ళో ప్రార్థనకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. వాడి ముందు గడ్డిలో నల్లటి ట్రాన్సిస్టర్. దగ్గర్లో పెద్దవాళ్ళెవరూ లేరు.

మరచెంబు మూత సరిగ్గా బిగించలేదు. నీళ్ళు ఒలికి చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకున్నాయి. మండే జూన్ ఎండలో ఒళ్ళంతా ఒక్కసారిగా చల్లబడింది. అది నీళ్ళ వల్ల కాదని అప్పుడే తెలిసింది నాకు.

ఢిల్లీలో ఉన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కిందటేడు వేసవిలో బస్సుల్లో, బజార్లలో ఎవరో వదిలేసి వెళ్ళిన ట్రాన్సిస్టర్లు పేలాయి. దొరికింది కదా అని మీట నొక్కినవాళ్ళు పోయారు. సిక్కు ఉగ్రవాదుల పనని పేపర్లు రాశాయి. అప్పటి నుంచి ఏ బస్సెక్కినా ఒకటే రాత: సీటు కింద చూసుకోండి, ఎవరూ లేని వస్తువుని ముట్టుకోకండి. సరోజినీ నగర్ బజారులో బట్టల కొట్టు ముందు ఒక సంచీ ఒంటరిగా కనిపిస్తే చాలు, జనం పక్కకి తప్పుకుంటున్నారు. మావాడికి ఆరేళ్ళు. ఈ పాఠం వాడికి ఎక్కాల కంటే బాగా వచ్చు. బడికి పంపేముందు బూట్ల లేసులు కడుతూ నేనే అప్పజెప్పించుకునేదాన్ని.

"ఏం ముట్టుకోకూడదు?"

"ట్రాన్సిస్టర్, టిఫిన్ డబ్బా, బొమ్మ, బ్యాగ్."

"కనిపిస్తే?"

"భాగ్‌నా!"

పరుగెత్తాలని అంత బాగా తెలిసినవాడు కదలకుండా కూర్చుని పాట వింటున్నాడు.

చెంబు ఎక్కడ పడేశానో తెలీదు. వెళ్ళి రెక్క పట్టుకుని లాగాను. వాడు రాలేదు. గడ్డి పట్టుకుని వెనక్కి గుంజుకున్నాడు.

"ఛోడో మమ్మీ! అంకుల్ కా హై! మైనే బోలా థా, దేఖూంగా!"

అంకుల్‌ది, చూస్తూ ఉంటానని చెప్పాను అంటాడు. వినిపించుకునే స్థితిలో లేను. నడుం పట్టుకుని ఎత్తి, వాడు కాళ్ళతో తంతున్నా వదలకుండా పరుగెత్తాను. వాడి చెప్పొకటి చెట్టు కిందే ఉండిపోయింది.

వాడు అక్కడ ఎందుకు కూర్చున్నాడో చెప్పాలంటే, చిన్నప్పుడు అదే చెట్టు కింద నేను కూర్చున్న సంగతి చెప్పాలి.

నేను ఢిల్లీలోనే పెరిగాను. మా నాన్న కేంద్ర ప్రభుత్వ గుమాస్తా, ఆర్.కె. పురంలో క్వార్టరు. అప్పుడప్పుడూ సెలవు పెట్టి రైల్లో మేం ఆంధ్రా వెళ్ళేవాళ్ళం. మిగిలిన వేసవుల్లో ఆంధ్రాయే మా ఇంటికి వచ్చేది. మేనత్తలు, బాబాయిలు, నాన్న చిన్ననాటి స్నేహితుడి బావమరిది కూడా. ఇంటినిండా పరుపులు, వరండా నిండా తడిబట్టలు. మా సెలవులంటే వాళ్ళకి ఢిల్లీ చూపించడమే. పొద్దున్నే బయల్దేరి, ఎండ ముదిరేలోగా కట్టడం చుట్టూ తిప్పి, తర్వాత ఏదో చెట్టు కింద దుప్పటి పరిచేవాళ్ళం. కారియర్‌లో పులిహోర, పెరుగన్నం, మాగాయ. ఏ గోరీ ఏ రాజుదో మాకు ఎన్నిసార్లు విన్నా గుర్తుండేది కాదు. కుళాయి ఎక్కడుందో, ఏ చెట్టు నీడ ఎటు జరుగుతుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం.

ఆ చెట్ల కింద అందరికీ ఒక పద్ధతి ఉండేది. మా దుప్పటి పక్కన ఇంకొకళ్ళ దుప్పటి. వాళ్ళు పంజాబీలు కావచ్చు, బెంగాలీలు కావచ్చు. లేచి వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళ వైపు తిరిగి, "బెహన్‌జీ, జరా దేఖ్‌నా" అనేవాళ్ళు. కాస్త చూస్తూ ఉండండి అని. అంతే. సంచులు, చెప్పులు, కెమెరా, ఒక్కోసారి నిద్రపోతున్న పసిబిడ్డని కూడా అలా అప్పజెప్పేవాళ్ళు. పేరు అడిగేవాళ్ళు కాదు. మా అమ్మకి హిందీలో మొట్టమొదట వచ్చిన వాక్యం అదేనని నాన్న ఏడిపించేవాడు. "మీ అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో కూరగాయలవాడితో కూడా జరా దేఖ్‌నా అనేది. వాడు తక్కెడ చూపించేవాడు" అని.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అరవైల్లో ఒక వేసవి, మా నాన్నమ్మ వచ్చింది. బందరు దగ్గర పల్లె దాటి ఎరగని మనిషి. వచ్చిన మొదటి వారం హుషారుగానే ఉంది. తర్వాత మాట తగ్గిపోయింది. నాన్న ఆఫీసుకీ అమ్మ వంటింట్లోకీ పోతే, ఆవిడ బాల్కనీలో కూర్చుని కింద పోయేవాళ్ళని చూసేది. "ఈ ఊళ్ళో కాకులు కూడా హిందీలోనే అరుస్తున్నాయే" అంది ఒకరోజు నాతో. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిణ్ణి కుతుబ్ మీనార్‌కి తీసుకెళ్ళాం. అప్పట్లో మీనారు లోపల మెట్లెక్కనిచ్చేవాళ్ళు. నాన్న, అమ్మ వెళ్ళారు. నాన్నమ్మ మోకాళ్ళు ఒప్పుకోవని ఉండిపోయింది. ఆవిడకి తోడుగా నన్ను ఉంచారు. నేను ఆ వేపచెట్టు కింద మూతి ముడుచుకుని కూర్చున్నాను. నాన్నమ్మ చెంగు మొహాన కప్పుకుని పడుకుంది.

పక్క దుప్పటి మీద ఒక సర్దార్జీ, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్ళూ మీనారు ఎక్కడానికి లేచారు. ఆయన చేతిలో ట్రాన్సిస్టర్, చిల్లుల తోలు సంచిలో, పాడుతూ ఉంది. ఆ ఇరుకు మెట్ల మీద అదెందుకనుకున్నాడేమో, చుట్టూ చూశాడు. పెద్దవాళ్ళు ఎవరూ మేలుకుని లేరు. నా ముందు వంగి, పెద్దమనిషితో అన్నట్టే అన్నాడు: "బేటీ, జరా దేఖ్‌నా."

ఆ మాట నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

మా ఇంట్లో రేడియో బల్ల మీద లేసుగుడ్డ కింద ఉండేది. మర నాన్న తప్ప ఎవరూ తిప్పకూడదు. ఇక్కడ రేడియో నా ఒళ్ళో ఉంది, వెచ్చగా, లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టు అదురుతూ. చాలాసేపు బుద్ధిగానే కూర్చున్నాను. తర్వాత మర మీద వేలు పెట్టాను. కొంచెం తిప్పాను. పాట పోయింది. గీ అని గోల, ఏదో అరవ మాట, మళ్ళీ గోల. పాట వెతుకుతూ కంగారుగా ఇంకా తిప్పేశాను. అప్పుడు ఉన్నట్టుండి తెలుగు వచ్చింది.

వార్తలు. నెమ్మదైన మగ గొంతు, ఒక్కొక్క మాటా విడివిడిగా. కృష్ణా డెల్టా కాలువలకు నీరు విడుదల చేశారని చెబుతోంది.

నాన్నమ్మ చెంగు తీసి లేచి కూర్చుంది. "ఎవరే అది? ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు నాన్నమ్మా. ఇది."

ఆవిడ రేడియోని నా దగ్గర్నుంచి తీసుకుని చెవికి ఆనించుకుంది. "కాలవలకి నీళ్ళొదిలారట! విన్నావుటే? మీ తాత ఉంటే ఈపాటికి నారుమడి దగ్గర ఉండేవాడు" అంది. ఆ వార్తలు చదివే ఆయనకే జవాబు చెప్పింది కూడా: "ఒదిల్తే ఒదిలారు గానీ శివారుకి అందుతాయా, అది చెప్పు నాయనా."

అప్పుడే సర్దార్జీ కుటుంబం తిరిగి వచ్చింది. పాట పోగొట్టేశాను, రేడియో మా నాన్నమ్మ చెవి దగ్గర ఉంది. ఆయన చెయ్యి చాచబోయి ఆగాడు. నాన్నమ్మ మొహం చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది, కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పెదవుల మీద వేలు పెట్టి తన పిల్లల్ని ఊరుకోమన్నాడు. నీడ అప్పటికే మా వైపు జరిగిపోయింది. వార్తలు అయ్యేదాకా ఆయన ఎండలోనే నిలబడ్డాడు.

అమ్మా నాన్నా కూడా దిగి వచ్చాక కారియర్ విప్పారు. వాళ్ళ పరాఠాలు మాకు, మా పులిహోర వాళ్ళకి. ఆయన భార్య మాగాయ నాలిక్కి తగిలి దగ్గుతూ నవ్వుతూ ఉంటే, నాన్నమ్మ ఆమె వీపు రాస్తూ తెలుగులో అడిగింది, "పుట్టిల్లు ఎక్కడమ్మా నీది?" అని. "జీ, బహుత్ అచ్ఛా హై" అంది ఆమె, మాగాయ చాలా బాగుందని. నాన్నమ్మ తృప్తిగా తలూపింది. ఊరికెళ్ళాక చాలాకాలం అందరికీ చెప్పేదట, ఢిల్లీలో ఒక తలపాగా ఆయన దగ్గర మన రేడియో ఉందని.

వాళ్ళ పేర్లు మేం అడగలేదు. ఎక్కడుంటారో అడగలేదు. అడగకపోవడం అప్పుడు లోటుగా అనిపించలేదు. ఎనభై నాలుగు నవంబరులో, ఊళ్ళో సిక్కుల ఇళ్ళు తగలబెడుతుంటే మా క్వార్టర్ల డాబా మీంచి దూరంగా పొగలు కనిపించిన ఆ రోజుల్లో, నాకు పదేపదే గుర్తొచ్చింది ఆయన ఎండలో నిలబడిన తీరు. అప్పుడు మావాడికి నాలుగేళ్ళు. వాణ్ణి ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆ ఇద్దరు పిల్లలూ ఈపాటికి నా అంతవాళ్ళై ఉంటారు, ఎక్కడున్నారో అనుకున్నాను. పేరైనా తెలిసుంటే ఎవర్నైనా అడిగేదాన్నేమో. అయినా ఎవర్ని అడగను?

ఈ కథ నా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కరెంటు పోయిన ప్రతి సాయంత్రం, విసనకర్రతో విసురుతూ, అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం హిందీలో వస్తుంది. ఈ కథలో ఒక్క చోట మాత్రం ఇద్దరూ నాతో గొంతు కలిపేవాళ్ళు: "బేటీ, జరా దేఖ్‌నా." పొద్దున లేసులు కడుతూ ఒక పాఠం చెప్పి, సాయంత్రం విసురుతూ ఇంకొకటి చెబుతున్నానని నాకెప్పుడూ తట్టలేదు.

ఈ వేసవికి మా అత్తగారు బెజవాడ నుంచి వచ్చారు. చుట్టాలొస్తే కుతుబ్ చూపించాలి, అది ఇప్పటికీ మారలేదు. నిన్న పొద్దున్నే వెళ్ళాం. మీనారు తలుపుకి ఇప్పుడు తాళం. వేపచెట్టు కనపడగానే తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, "మమ్మీ, యహీ పేడ్ హై నా?" అని అడిగింది. అదే అన్నాను. ఆ చెట్టు కింద అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు, మేం కాస్త దూరంగా దుప్పటి పరిచాం. మా ఆయన అమ్మాయిని ఇనుప స్తంభం దగ్గరికి తీసుకెళ్ళారు. పిల్లాణ్ణి అత్తయ్యగారికి అప్పజెప్పి నేను నీళ్ళకి వెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నారు. వాడు లేచి తిన్నగా మా కథలోని చెట్టు దగ్గరికి నడిచాడు.

వాణ్ణి ఎత్తుకుని నేను పరుగెత్తడం చూసి జనం లేచారు. ఎవరో "బమ్! బమ్!" అన్నారు. దుప్పట్లు, పిల్లలు, డబ్బాలు, అన్నీ గోడ వైపు పరుగు. కాపలా అతను ఈల ఊదుతూ అందర్నీ వెనక్కి నెట్టాడు. చెట్టు చుట్టూ పెద్ద ఖాళీ ఏర్పడింది. మధ్యలో రేడియో, మావాడి చెప్పు. పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది.

అప్పుడు గేటు వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, లేత నీలం తలపాగా, రెండు చేతుల్లో రెండు కుల్ఫీలు. జనం అంతా గోడకి ఆనుకుని తన రేడియో వైపే చూస్తుంటే ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయన నడక ఆగిపోయింది.

ఆ తలపాగా చూశాక నా భయం తగ్గిందో పెరిగిందో నేను చెప్పలేను. చెప్పుకోవడానికి ధైర్యం చాలడం లేదు.

"మేరా హై జీ" అన్నాడాయన, తనదేనని, గట్టిగా, అందరికీ వినపడేలా. "మేరా హీ హై." ముట్టుకోవద్దని ఎవరో అరిచారు. ఆయన వెళ్ళి గడ్డిలో కూర్చుని, కుల్ఫీలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, రేడియో కట్టేశాడు. వెనక మూత తీశాడు. బ్యాటరీలు ఒక్కొక్కటే బయటికి తీసి, పైకెత్తి, మా అందరికీ చూపించి గడ్డిలో పెట్టాడు. కుల్ఫీ కరిగి మోచేతి దాకా కారుతోంది. కాపలా అతను దగ్గరికెళ్ళి ఖాళీ రేడియోలోకి తొంగిచూసి, "ఠీక్ హై, ఠీక్ హై" అన్నాడు. జనం తమ దుప్పట్లకి తిరిగి వెళ్ళారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

ఆయన మావాడి చెప్పు తీసుకుని మా దగ్గరికి వచ్చాడు. "లే బేటా, తేరీ చప్పల్." తర్వాత కుల్ఫీ చాచాడు. కాపలా ఉన్నందుకు వాడి కోసం తెచ్చింది అది. మావాడు కుల్ఫీ వైపు చూడలేదు. నా మొహం చూశాడు. తెలియనివాళ్ళు పెట్టింది తినకూడదని వాడికి చెప్పింది నేనే. తీసుకో అనడానికి నోరు తెరిచాను. మాట రావడం ఆలస్యమైంది. ఆయన ఆ ఆలస్యాన్ని చూశాడు.

"అంకుల్‌జీ, మాఫ్ కీజియే. బచ్చా హై, మై డర్ గయీ థీ..." అన్నాను. భయపడ్డానని.

"నహీ బేటీ. తూనే ఠీక్ కియా. ఆజ్‌కల్ యహీ ఠీక్ హై." నువ్వు సరిగ్గానే చేశావు, ఈ రోజుల్లో ఇదే సరి, అన్నాడు. మావాడి తల నిమరబోయి, చేతులు జిగటగా ఉన్నాయని చూసుకుని మానేశాడు. "గల్తీ మేరీ హై, బచ్చే కో బోల్ దియా," తప్పు నాదే, పిల్లాడికి అప్పజెప్పాను అని తనలో తను అనుకుంటూ, రేడియో చంకలో పెట్టుకుని, రెండు కుల్ఫీలతో గేటు వైపు వెళ్ళిపోయాడు. అత్తయ్యగారు కారియర్‌లోంచి పులిహోర గిన్నె తీసి, "అయ్యో, ఆయన్ని పిలవ్వే" అనేసరికి ఆయన గేటు దాటేశాడు.

బస్సులో మావాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి, నాతో కాదు, కిటికీతో అన్నాడు: "వహీ అంకుల్ థే. కహానీవాలే."

ఆయనే అనుకున్నాడు వాడు. కథలో అంకుల్, కథలో చెట్టు, కథలో మాట. కథలో ఉన్నవాళ్ళకి వయసు పెరగడం, వాళ్ళ రేడియోలకి ఏమైనా కావడం ఆరేళ్ళవాడికి తెలీదు. ఇన్నాళ్ళకి తన వంతు వచ్చిందనుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అందరూ నేను చేసింది మంచి పనే అన్నారు. "పిల్లాడు దక్కాడు, అదే పదివేలు" అన్నారు అత్తయ్యగారు. మా ఆయన నా చేతిమీద పిల్లాడి గోళ్ళు గీరుకున్న చోట మందు రాశారు. నేను కూరలు తరుగుతుంటే వరండాలోంచి వాడి గొంతు వినిపించింది. నాయనమ్మకి హిందీ రాదని కష్టపడి తెలుగులో అడుగుతున్నాడు: "నానమ్మా, మమ్మీ కథ... అబద్ధమా?"

"నన్నడిగితే నాకేం తెలుసురా నాన్నా. మీ అమ్మనే అడుగు" అన్నారావిడ.

వాడు అడగలేదు. నేను పిలిస్తే రాలేదు. సాయంత్రం కరెంటు పోయింది. విసనకర్ర తీసుకుని పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి కూడా ఏ కథా అడగలేదు.

పిల్లలు నిద్రపోయాక వంటింటి గట్టు మీద కాయితాలు పెట్టుకుని ఇది మొదలుపెట్టాను. నిన్న సగం, ఇవాళ సగం. భయం అబద్ధం కాదు. రేపు మళ్ళీ ఏ చెట్టు కిందైనా ఒంటరి రేడియో కనిపిస్తే మళ్ళీ పరుగెత్తుతాను. కానీ నాకు మా నాన్నమ్మ మొహం కావాలి, పేరడగని ఆ మధ్యాహ్నం కావాలి. అది నాకు తిరిగి రాదని తెలుసు. నా పిల్లలకి అలాంటిది అసలు ఉండకుండా పోతుందేమోనన్నదే నా బెంగ. ఆ కథ మానేస్తే వాళ్ళు క్షేమంగా ఉంటారేమో. కానీ ఆ మాట ఒకటుండేదని కూడా తెలియకుండా పెరుగుతారు.

ఈ ఉదయం ఇద్దర్నీ వంటింట్లో పీటల మీద కూర్చోబెట్టి అట్లు వేసి పెట్టాను. పిల్లాడు తల దించుకుని తింటున్నాడు. అట్లకాడ పక్కన పెట్టి వాడి ఎదురుగా కూర్చున్నాను.

"కథ అబద్ధం కాదురా" అన్నాను. "అంతా నిజం. నిన్నటి తాతగారు ఆ అంకుల్ కాదు, కానీ అలాంటివారే. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. అది నాకు నిన్న అర్థం కాలేదు."

వాడు తినడం ఆపాడు. "తో భాగ్‌నా నహీ?"

"ఎవరూ లేకుండా ఏదైనా పడి ఉంటే పరుగెత్తాలి. అది మారదు. కానీ ఎవరైనా నిన్ను జరా దేఖ్‌నా అంటే, ఉండండి, మా మమ్మీని పిలుస్తాను అను. వాళ్ళు వెళ్ళకముందే నన్ను పిలు. నేను వస్తాను. వాళ్ళ పేరు అడుగుతాను. మన పేర్లు చెబుతాను. అప్పుడు ఇద్దరం కలిసి కూర్చుని చూద్దాం."

"దీదీ కూడా?" అన్నాడు.

"మై భీ" అంది మా అమ్మాయి నోటినిండా అట్టుతో.

వాడు ఇంకో ముక్క తుంచుకున్నాడు. "ఔర్ కుల్ఫీ?"

"అమ్మ పక్కనుంటే తీసుకోవచ్చు" అన్నాను. "థాంక్యూ చెప్పి, కరిగిపోకముందే తినేయాలి."